కరాటేలో చేరాలనుకునేవాళ్లకి, 9 ఏళ్ల తర్వాత నా రివ్యూ

నేను కరాటేలో చేరినప్పుడు నా వయసు 31, ఇప్పుడు 40. మోకాలి నొప్పితో ఆగిన నాలుగు నెలలు తీసేస్తే వారానికి మూడు క్లాసులు దాదాపు ఎప్పుడూ మానలేదు, షోటోకాన్ స్టైల్, రెండేళ్ల కిందట షోడాన్ అంటే మొదటి డాన్ బ్లాక్ బెల్ట్ వచ్చింది. తెలిసినవాళ్లలో ఎవరు పిల్లల్ని చేర్పించాలన్నా, తాము చేరాలన్నా నన్నే అడుగుతుంటారు, అందుకే అందరికీ చెప్పేదంతా ఒక్కచోట రాస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటుంది.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. దగ్గర్లో ఉంది కదా అని మొదట కనిపించిన క్లాసులో చేరిపోయా, ఒక్క రోజు కూర్చుని చూసింది లేదు. అరవై మంది దాకా ఉండేవాళ్లం, మాస్టారు ఒక్కరే, ముందు నిలబడి ఇచి, ని, సాన్, షి అని కౌంట్ చెప్పేవారు, మేం గాల్లో పంచ్‌లు కొట్టేవాళ్లం. ఎవరి దగ్గరికైనా వచ్చి పాదం ఎలా పెట్టావు, మోకాలు ఎటు పోతోంది అని చూడటం నేనెప్పుడూ చూడలేదు. ఎనిమిది నెలల్లో రెండు గ్రేడింగ్‌లు, రెండు బెల్టులు, ఇంట్లో అందరితో ఫోటోలు కూడా దిగా. ఆ లోపే కుడి మోకాలు లోపలి పక్క నొప్పి మొదలైంది, మెట్లు దిగుతుంటే పట్టేసేది. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఒకసారి స్టాన్స్ వేసి చూపించమన్నారు, జెంకుత్సు దాచి అని ముందు కాలు వంచి వెనక కాలు చాపి నిలబడతాం, అది వేశా. చూసిన వెంటనే చెప్పేశారు, పాదం ముందుకి ఉంది, మోకాలు మాత్రం లోపలికి పడిపోతోంది, రోజూ వందసార్లు అలా పడితే నొప్పి రాక ఏమవుతుంది అని.

నాలుగు నెలలు ఆగా. ఈసారి మూడు చోట్ల కూర్చుని చూసి ఒక చోట చేరా. అక్కడ సర్ ఒక్క పంచ్ కొట్టమన్నారు, కొట్టా, చూసి వైట్ బెల్ట్‌తో మళ్లీ మొదలుపెడదామా అని మెల్లగా అడిగారు. రెండు రోజులు మనసు చివుక్కుమంటూనే ఉంది. ఇప్పుడు తల్చుకుంటే ఈ 9 ఏళ్లలో నాకు జరిగిన మంచి అదే.

అక్కడ మొదటి నెలంతా పిడికిలి, నిలబడటం, ఒక్క పంచ్, అంతే. పిడికిలి కూడా నేర్చుకోవాలా అనుకుంటాం గానీ కొత్తవాళ్లలో చాలామంది బొటనవేలు లోపల పెట్టి మూసేస్తారు, అలా దేన్నైనా గట్టిగా కొడితే ముందు దెబ్బతినేది ఆ వేలే. నాలుగు వేళ్లూ చివర్ల నుంచి చుట్టుకుంటూ వచ్చి, బొటనవేలు బయట నుంచి చూపుడువేలు, మధ్యవేలు మీద అడ్డంగా బిగించాలి, తగలాల్సింది ఆ రెండు వేళ్ల పెద్ద కణుపులు, మణికట్టు అటూ ఇటూ వంగకూడదు. ఇక పంచ్ సంగతి. గ్యాకు జుకి అని వెనక చేత్తో కొట్టే పంచ్ ఉంటుంది, సర్ నా వెనక నిలబడి నడుము దగ్గర బెల్ట్ పట్టుకుని కొట్టమనేవారు. నేను భుజం బలంతో కొట్టేవాణ్ని, బెల్ట్ ఆయన చేతిలో కదిలేది కాదు, మళ్లీ అనేవారు, మళ్లీ కొట్టేవాణ్ని, అలా ఎన్ని రోజులో. ఒక సాయంత్రం వెనక మడమ నేలని తొక్కింది, ఆ తొక్కుడు తొడలోంచి తుంటిలోకి వచ్చి తుంటి గిర్రున తిరిగింది, బెల్ట్ ఆయన చేతిలోంచి గుంజుకుంది, అప్పుడు మొదటిసారి నా గీ (అంటే కరాటే డ్రెస్) చెయ్యి టప్‌మని శబ్దం చేసింది. ఆయన ఏమీ అనలేదు, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ రోజే కరాటే మొదలైంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే కొత్తవాళ్లు మానేసేది సరిగ్గా ఈ దశలోనే. కిక్‌లు, ఫైటింగ్ ఉంటాయని వస్తారు, వస్తే కిహోన్ అంటే బేసిక్స్, అవే పంచ్‌లు, అవే బ్లాక్‌లు, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి అడుగులు. నాతో పాటు మొదలుపెట్టిన ఏడుగురిలో ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం. కనీసం ఆరు నెలలు అదే పని చేయడానికి సిద్ధపడి రండి, ఆ ఆరు నెలల్లో మీ పాదాల్ని, తుంటిని రోజూ చూసి సరిదిద్దే మనిషి ఉన్నారో లేదో అదొక్కటి ముందే చూసుకోండి. ఫీజు కట్టే ముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడనివ్వమని అడగండి, ఒప్పుకోకపోతే అక్కడ చేరొద్దు. చూసేటప్పుడు ముందు వరసలో బ్లాక్ బెల్టుల్ని కాదు, చివరి వరసలో వైట్ బెల్టుల్ని చూడండి, వాళ్ల దగ్గరికి ఎవరైనా వస్తున్నారా అని. ఏడాదిలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అన్నా, పిల్లల మీద చెయ్యి చేసుకుంటున్నా వెనక్కి వచ్చేయండి.

స్టైల్ ఏది మంచిది అని అందరూ అడుగుతారు. షోటోకాన్‌లో స్టాన్స్‌లు పొడవుగా, లోతుగా ఉంటాయి, మోకాళ్లు జాగ్రత్త. చోజున్ మియాగి పెట్టిన గోజు ర్యూలో దగ్గర నుంచి కొట్టుకోవడం, ఊపిరి మీద పని ఎక్కువ, కెన్వా మబుని పెట్టిన షితో ర్యూలో కటాలు, అంటే ఒక వరసలో ఒంటరిగా చేసే కదలికలు, చాలా ఉంటాయి, హిరోనోరి ఓత్సుకా పెట్టిన వాడో ర్యూలో జుజుత్సు అనే పాత జపాన్ కుస్తీ విద్య కలిసి ఉంటుంది. మాస్ ఒయామా పెట్టిన క్యోకుషిన్ అయితే ఫుల్ కాంటాక్ట్, పోటీల్లో గ్లవ్స్ లేకుండా ఒంటి మీద నిజంగానే కొడతారు, ముఖానికి చేత్తో కొట్టకూడదు, కాలితో కొట్టొచ్చు, ఇది చేరే ముందే తెలిసుండాలి. నా మటుకు స్టైల్ రెండో మాట, నేర్పే మనిషి మొదటి మాట.

బెల్టుల గురించి ఒక్క సంగతి. షోటోకాన్ పెట్టిన గిచిన్ ఫునకోషి, కరాటే పుట్టిన ఒకినావా దీవి నుంచి టోక్యో వచ్చి కరాటే ప్రదర్శించింది 1922లో, తన శిష్యులకి మొదటిసారి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో, ఆ పద్ధతి కూడా జూడోలో జిగోరో కానో పెట్టినదాని నుంచి తీసుకున్నదే. అంటే అంతకుముందు ఒకినావాలో తరతరాలుగా బెల్టులు లేకుండానే నేర్చుకున్నారు. మీ పక్కనున్నవాళ్లకి ఆరెంజ్ వచ్చి మీకు రాకపోతే బాధపడకండి, నిజంగా.

గీ మొదట్లో పలచటిదే కొనండి, మందంది చెమటకి బరువెక్కుతుంది. కాటన్ కాబట్టి వేడినీళ్లలో ఉతికితే కుదించుకుపోతుంది, నాది ఒకటి అలాగే పోయింది, ఒక సైజు పెద్దది తీసుకుని చల్లనీళ్లలో ఉతకండి. గోళ్లు చేతులవీ కాళ్లవీ పూర్తిగా కత్తిరించుకునే వెళ్లండి, పార్ట్‌నర్‌కి గీరుకుంటే మీకే సిగ్గేస్తుంది. ఒట్టి కాళ్లతో తిరుగుతాం కదా, మొదటి నెలలో అరికాలు ముందు భాగం, వేళ్ల కింద మెత్తగా ఉండే చోట, బొబ్బలొచ్చి చర్మం లేస్తుంది, భయపడొద్దు, శుభ్రంగా ఉంచుకుంటే గట్టిపడుతుంది. మే గేరి, అంటే ముందుకి కొట్టే కిక్, కాలివేళ్లు పైకి లాగి ఆ మెత్తటి చోటుతోనే కొట్టాలి, వేళ్లు చాపి కొడితే వేళ్లే వాస్తాయి. స్పారింగ్ మొదలయ్యేనాటికి మౌత్‌గార్డ్ తప్పనిసరిగా కొనండి, గ్లవ్స్, షిన్‌గార్డ్ తర్వాతైనా పర్లేదు, పన్ను పోతే మళ్లీ రాదు.

పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఒలింపిక్స్ గురించి అడుగుతారు. టోక్యోలో ఉంది, 2021లో జరిగిన ఆ ఒక్కసారే, పారిస్ 2024లో లేదు. పోటీలంటే ఇష్టమైతే వేరే టోర్నమెంట్లు బోలెడు ఉన్నాయి, పంచ్‌కి 1 పాయింట్, ఒంటికి తగిలే కిక్‌కి 2, తలకి కిక్‌కి 3, పిల్లలు ఈ లెక్క పట్టేశాక బాగా ఎంజాయ్ చేస్తారు. వాళ్ల మీద పతకం బరువు మాత్రం పెట్టకండి.

సెల్ఫ్ డిఫెన్స్‌కి పనికొస్తుందా అంటే, ఒక ఏడాది క్లాసుతో ఎవరితోనైనా తలపడొచ్చని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. నాకు ఖచ్చితంగా వచ్చింది దూరం లెక్క, మాయ్ అంటారు, ఎదుటి మనిషి చెయ్యి నాకు అందుతుందా లేదా అన్నది ఒంటికే తెలిసిపోతుంది, అది కూడా పార్ట్‌నర్‌తో రెండు మూడేళ్లు చేశాకే. గాల్లో కొట్టడం తప్ప ఎదురుగా మనిషిని పెట్టి చేయించని క్లాసులో అదీ రాదు.

మొదటి కటా హేయాన్ షోడాన్, 21 కదలికలు, ఆర్డర్ రెండు వారాల్లో వచ్చేస్తుంది, అక్కడితో వచ్చేసిందనుకుంటాం. మొన్న గురువారం సర్ నన్ను మొదటి కదలిక దగ్గరే ఆపారు, ఎడమకి తిరిగి గెదాన్ బరాయ్ (చేత్తో కిందికి వేసే బ్లాక్) వేసేటప్పుడు నా వెనక మడమ కొంచెం లేస్తోందట. వీడియో తీసుకుని చూసుకున్నా, నిజమే, ఒక కాగితం దూర్చేంత లేస్తోంది. వారం నుంచి పొద్దున్నే లేచి ఆ ఒక్క తిరగడం మీదే పని చేస్తున్నా.