ఇంట్లో ఊదుకునే బ్రీత్ ఎనలైజర్ కొనొచ్చా?

ఏది కొన్నావ్, ఎలా ఉంది అని ఒక్కొక్కళ్ళూ ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. బ్రాండ్ పేరు మాత్రం చెప్పను. నాది ఆరు వేల చిల్లర పడింది, ఫ్యూయల్ సెల్ సెన్సర్ ఉన్నది. వెయ్యికీ పదిహేను వందలకీ దొరికే సెమీకండక్టర్ సెన్సర్‌వి జోలికి పోకండి, శానిటైజర్ వాసనకీ, షుగర్ ఎక్కువున్నవాళ్ళ నోట్లో వచ్చే ఎసిటోన్‌కీ కూడా మందు తాగినట్టే చూపించగలవు అవి.

మెషిన్ పని బాగానే చేస్తుంది. ఆన్ చేస్తే కొన్ని సెకన్లు వేడెక్కుతుంది, తర్వాత బీప్ ఆగేదాకా ఒకే ఊపిరిలో ఊదాలి, మధ్యలో ఆపితే ఎర్రర్. తాగిన వెంటనే ఊదితే నోట్లో మిగిలిన మందుకే నంబర్ ఎగిరిపోద్ది, పావుగంట ఇరవై నిమిషాలు ఆగాలి.

ఇక నా మంట ఎక్కడంటే, ఇది వేరే దేశాల కోసం చేసిన మాల్. ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో రక్తంలో మందు 0.05 శాతం దాటితేనే ఎర్ర లైట్, ఆ లోపు అంతా పచ్చే. మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, అంటే ఈ మెషిన్ లెక్కలో 0.03. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 0.08 దాకా వదులుతారు, అక్కడి మన పిల్లలు చెప్పే లెక్కలు ఇక్కడ పనికిరావు. ఇందులో 0.04 వస్తే పచ్చ లైట్ వెలిగి చక్కగా పోయిరా అన్నట్టు ఉంటుంది, అదే రీడింగ్‌తో జూబ్లీహిల్స్‌లో బారికేడ్ దగ్గర దొరికితే వాళ్ళ మెషిన్‌లో 40 పడుద్ది, అంతే సంగతులు. బాక్స్ మీద గానీ బుక్‌లెట్‌లో గానీ ఇండియా లిమిట్ ఒక్క ముక్క లేదు. ఇక్కడ అమ్ముకుంటూ అదేం పద్ధతో.

మొన్న ఇంట్లో కూర్చున్నప్పుడు మా బావమరిది రెండు బీర్లు తాగి కాసేపాగి ఊదాడు, 0.04. "బావా, పచ్చొచ్చింది, బైక్ తీస్తా" అన్నాడు. కూర్చోరా అని అరగంట ఆపి మళ్ళీ ఊదిస్తే 0.06, మధ్యలో ఒక్క చుక్క తాగలేదు. కడుపులోది రక్తంలోకి ఎక్కడానికి టైం పడుద్ది కదా, బార్‌లో టేబుల్ దగ్గర వచ్చిన నంబర్ రోడ్డెక్కేసరికి పెరగొచ్చు. వాడు మజ్జిగ తాగాడు, నిమ్మకాయ నాకాడు, ఏం తగ్గలేదు, ఎందుకంటే లివర్ గంటకి 0.015 అటూఇటూ మాత్రమే దించుతుంది. రాత్రి పన్నెండుకి 0.15లో పడుకున్నోడు పొద్దున ఏడింటికి కూడా లిమిట్ పైనే ఉండొచ్చన్నమాట. పొద్దున ఆఫీసుకి బండి తీసేముందు ఊదుకోవడానికైతే ఈ మెషిన్ నిజంగా పనికొస్తుంది, దీనికి నేనిచ్చే మార్కులన్నీ అందుకే.

దొరికితే ఏముందిలే ఫైన్ కట్టేద్దాం అనే బ్యాచ్‌కి చెప్తున్నా, 2019 సెప్టెంబర్ నుంచి మొదటిసారికే పది వేలు ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. రెండోసారికి పదిహేను వేలు, రెండేళ్ళు. మామూలు చలాన్‌లా ఫోన్‌లో కట్టేస్తే పోదు, కౌన్సెలింగ్‌కి ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళాలి, కోర్టులో నిలబడాలి. మనిషి పోతే బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 105 కింద పదేళ్ళ దాకా జైలు పడొచ్చు.

బైకే కదా అంటారు కొందరు. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర జరిగింది అదే కదా, తాగి బైక్ నడిపినోడు డివైడర్‌కి గుద్ది చనిపోయాడు, రోడ్డు మీద పడున్న ఆ బైక్‌ని బెంగళూరు బస్సు ఈడ్చుకెళ్ళి మంటలంటుకుని 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. కేంద్రం లెక్కల్లో మందు, డ్రగ్స్ తీసుకుని నడపడం వల్ల పోయినవాళ్ళు 2021లో 3,314 మంది, 2022లో 4,201 మంది, ఒక్క ఏడాదిలో ఎంత పెరిగిందో చూడండి. ఆ ఏడాది రోడ్ల మీద మొత్తం పోయింది 1,68,491 మంది, అందులో డెబ్బై శాతం పైన ఓవర్ స్పీడ్ ఖాతాలో రాశారు. ఆ స్పీడ్ వెనక ఎంత మందు ఉందో ఎవడు ఊదించి చూశాడు? నన్నడిగితే ఆ నాలుగు వేలు చాలా తక్కువ లెక్క.

కొనాలనుకుంటే వార్నింగ్ లిమిట్ మార్చుకునే సెట్టింగ్ ఉన్నదే తీసుకోండి, నాదాంట్లో మెనూలో ఎక్కడో లోపల ఉంది, 0.02కి పెట్టేశా. తాగిన రాత్రి నడపొచ్చా లేదా తేల్చుకోవడానికైతే అసలు కొనొద్దు, డ్రైవర్‌ని పిలిస్తే మా ఏరియాలో ఐదారు వందలకి బండితో సహా ఇంటి దగ్గర దింపిపోతున్నాడు. ఏడాదికోసారి క్యాలిబ్రేషన్‌కి కంపెనీకి పంపాలట, కొరియర్ ఖర్చు మనదే. మౌత్‌పీస్‌లు కూడా బాక్స్‌లో తక్కువే ఇచ్చాడు, ఎక్స్‌ట్రా ప్యాకెట్ దొరికేదేనా కాదా చూసుకుని ఆర్డర్ పెట్టండి. ఐదుకి మూడు స్టార్లు.