ఈస్ట్‌లీ సోమాలీ హోటల్: మాంసానికి ఐదు స్టార్లు, సర్వీసుకి రెండు, టేబుల్ కబుర్లకి ఎన్నో మీరే వేసుకోండి

నైరోబీలో ఉంటూ సోమాలీల పేట ఈస్ట్‌లీలో తినకపోతే ఎలా అని మా ఆఫీసులో ఒక సోమాలీ మిత్రుడు ఏడాదిగా పోరు పెడుతున్నాడు. మొత్తానికి రెండు నెలల కింద వెళ్లాను, మొన్నటితో నాలుగుసార్లయింది. హోటల్ పేరు మాత్రం రాయను. కింద కొంచెం తిట్టేది ఉంది, పైగా అక్కడ మాట్లాడినవాళ్లు ఎవడో రివ్యూ రాసుకుంటాడని తెలిసి మాట్లాడలేదు. ఫస్ట్ అవెన్యూ మీద బట్టల మాల్స్ ఉన్నాయి కదా, వాటి వెనక సందులో మేడ మీద. టౌన్‌లో 6 గానీ 9 గానీ మటాటు (షేర్ మినీబస్సు) ఎక్కితే దగ్గర్లో దింపేస్తాడు. కారు తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, వాన పడిన రోజు నడవడానికే దారి ఉండదు.

ముందు తిండి సంగతి. మెనూ కార్డు లేదు, వెయిటర్ కుర్రాడు నోటితో చెప్తాడు, అదీ ఒక్కసారే. కూర్చోగానే అడక్కుండా మేక ఎముకల సూపు తెచ్చి పెడతారు, నిమ్మకాయ పిండుకుని తాగాలి, దానికి డబ్బుల్లేవు. తర్వాత బరీస్, అంటే అన్నం. యాలకులు, దాల్చినచెక్క, లవంగాల వాసన ముందు వస్తుంది, ప్లేటు తర్వాత వస్తుంది. పైన మేక మాంసం, ఎముక పట్టుకుని విదిలిస్తే ముక్క ఊడి పడేంత మెత్తగా. పక్కన ఒక అరటిపండు. అది చివర్లో తినడానికి కాదు, అన్నంతోపాటు కొరుక్కోవాలి. మొదటిసారి నవ్వొచ్చింది కానీ పెరుగన్నంలో అరటిపండు నంజుకునే మనకి నవ్వే హక్కు ఎక్కడిది? బస్‌బాస్ అని పచ్చిమిర్చి పచ్చడి ఇస్తారు, అది ఒక్కటి చాలు నాకు. స్పగెట్టీ కూడా ఉంటుంది, దాన్ని బాస్తా అంటారు. దక్షిణ సోమాలియాని ఇటలీవాళ్లు ఏలారు కాబట్టి వచ్చిన అలవాటు.

ఇక ఒంటె పాలు. ఎక్కువగా ఇసియోలో వైపు నుంచి వస్తాయట. పాల కుండకి పొగ పెడతారు కాబట్టి కాస్త పొగ వాసన, కాస్త పులుపు. కొత్తవాళ్లు సగం గ్లాసుతో ఆపండి. నేను పెద్ద మగాడిలా రెండు గ్లాసులు తాగి మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టాను, ఇంతకంటే వివరంగా చెప్పను.

సర్వీసు ఘోరం. నాలుగుసార్లలో రెండుసార్లు ఆర్డర్ మర్చిపోయారు, ఒకసారి నేను అడిగిన బరీస్ బదులు బాస్తా వచ్చింది. "ఇది కూడా బాగుంటుంది" అన్నాడు కుర్రాడు, అంతే, మార్చలేదు. కానీ ఆ ఆలస్యం వల్లే అసలు సరుకు దొరికింది. చోటు తక్కువ, ఎవరి టేబుల్ దగ్గరైనా కూర్చోబెట్టేస్తారు. రెండోసారి వెళ్లినప్పుడు మాతో మరో ముగ్గురు కూర్చున్నారు. ఒకరు గారిస్సా పెద్దాయన, కెన్యా సోమాలీ. ఒకతను సోమాలియా రాజధాని మొగదిషు నుంచి వచ్చిన సరుకుల వ్యాపారి. ఇంకొకతనిది హర్గేసా, అంటే సోమాలియా నుంచి విడిపోయామని చెప్పుకునే సోమాలీలాండ్ రాజధాని. మా మిత్రుడి అమ్మావాళ్లది జిగ్‌జిగా, అంటే ఇథియోపియా వైపు. అందరిదీ ఒకే భాష, ఒకే మతం, ఒకే పళ్లెంలో చేతులు, నాలుగు ప్రభుత్వాలు. సోమాలీ జెండా మీద తెల్ల నక్షత్రానికి ఐదు కోణాలు ఎందుకంటే సోమాలీలు ఉండే ఐదు ముక్కలకి గుర్తు: ఇటలీ ఏలిన భాగం, బ్రిటన్ ఏలిన సోమాలీలాండ్, ఇథియోపియాలో ఒగాడెన్, కెన్యా ఈశాన్యం, జిబూతి. మా టేబుల్ దగ్గర జిబూతి ఒక్కటే తక్కువ.

నేను ఊరికే ఉండకుండా, ఇథియోపియాతో గొడవ సద్దుమణిగిందా అని అడిగాను. టీవీలో ఏదో వస్తుంటే అడిగానంతే. నాకోసం సగం ఇంగ్లీషులోకి మారారు, కోపం వచ్చినప్పుడు మాత్రం సోమాలీలోకి వెళ్లిపోయేవారు, అప్పుడు మిత్రుడు చెవిలో చెప్పేవాడు.

మొగదిషు వ్యాపారిది సూటి మాట. 2024 జనవరి 1న అడిస్ అబాబాలో ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్, అప్పటి సోమాలీలాండ్ అధ్యక్షుడు ముసే బిహి కూర్చుని ఇథియోపియాకి 20 కిలోమీటర్ల తీరం 50 ఏళ్లకి లీజు అని ఒప్పందం రాసుకుంటే మేం చూస్తూ ఊరుకోవాలా అన్నాడు. ఐదు రోజుల్లో సోమాలియా అధ్యక్షుడు హసన్ షేక్ మొహముద్ దాన్ని రద్దు చేస్తూ చట్టం మీద సంతకం పెట్టాడు, ఆగస్టులో ఈజిప్టుతో రక్షణ ఒప్పందం, డిసెంబరు 11న టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్ అంకారాలో హసన్ షేక్‌నీ అబీనీ కూర్చోబెట్టి రాజీ. "1977లో యుద్ధం, 2006లో వాళ్ల సైన్యం మా ఊళ్లోకి, ఇప్పుడు సముద్రం. ఇంకేం మిగిలింది అదీర్?" అని పెద్దాయన్ని అడిగాడు. అదీర్ అంటే బాబాయి. తమాషా ఏంటంటే బాబాయి కూడా తిరిగి అబ్బాయిని అదీర్ అనే పిలుస్తాడు.

హర్గేసా అతను నవ్వుతూ అన్నం కలుపుతున్నాడు. "మా తీరం గురించి నువ్వెందుకు ఏడుస్తావు? 1991 నుంచి మేం వేరు, మా జెండా వేరు, మా నోటు వేరు" అన్నాడు. అతనికి ఇథియోపియా అంటే శత్రువు కాదు, బెర్బెరా రేవుకి వచ్చే గిరాకీ. మా మిత్రుడు అక్కడ అందుకున్నాడు. జిగ్‌జిగా చుట్టుపక్కల మేకలు, గొర్రెలు బెర్బెరాలో ఓడెక్కి హజ్ సీజన్‌కి సౌదీ వెళ్తాయి, సరిహద్దు మూసేస్తే ముందు ఆకలికి పడేది మా మేనమామలు అన్నాడు. వ్యాపారికి ఆ మాట నచ్చలేదు. "మేకల కోసం దేశాన్ని అమ్ముకుంటామా" అన్నాడు. కాసేపు సోమాలీ. చెవిలో అనువాదం రాలేదు, కాబట్టి మిత్రుడే తిట్టి ఉంటాడు.

తర్వాత కెన్యా వంతు. నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే. వ్యాపారి టూత్‌పిక్ ఒకటి తీసి టేబుల్ అంచు నుంచి కుడికి అడ్డంగా పెట్టాడు, ఇది సముద్రంలో కెన్యా గీసిన సరిహద్దు గీత అన్నాడు. ఇంకోటి అదే చోట మొదలుపెట్టి కిందికి వాలుగా పెట్టి, ఇది మాది అన్నాడు. మధ్యలో పడిన త్రిభుజంలో బస్‌బాస్ గిన్నె పెట్టాడు, చేపలూ చమురూ అక్కడున్నాయట. 2014లో సోమాలియావాళ్లు హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టుకి వెళ్లారు, 2021 అక్టోబరు 12న తీర్పు చాలావరకు సోమాలియా వైపే వచ్చింది, కెన్యా ఆ తీర్పునే ఒప్పుకోనంది. పెద్దాయన గిన్నె తనవైపు లాక్కుని మాంసం ముంచుకున్నాడు. "నా పాస్‌పోర్టు కెన్యాది. నేను ఏ గీత వైపు చప్పట్లు కొట్టాలి?" అన్నాడు. 1989లో ఇక్కడి సోమాలీలందరినీ వరసలో నిలబెట్టి కెన్యా వాళ్లమేనని రుజువు చేసుకోమన్నారట, 2014లో ఈస్ట్‌లీలో జనాన్ని పోగుచేసి కసరాని స్టేడియంలో పెట్టారు. ఆయన లెక్కలో జాతీయ ప్రయోజనం అంటే జేబులో ఐడీ కార్డు, రెండు ప్రభుత్వాలూ తన్నుకోకపోవడం. అవి తన్నుకున్న రోజు పోలీసు ముందు తట్టేది ఈ సందులోనే.

ఇంతలో కుర్రాడు ప్లేట్లు తెచ్చి, చోటు లేదని టూత్‌పిక్‌లు రెండూ తీసి బుట్టలో పడేశాడు.

నాకు వ్యాపారి మాటల్లో ఒకటి అర్థం కాలేదు. హసన్ షేక్ కంటే ముందు ఫర్మాజో అధ్యక్షుడిగా ఉన్నప్పుడు అబీ అహ్మద్ మంచి దోస్తు, కెన్యాతో 2020 డిసెంబరులో సంబంధాలే తెంచుకున్నారు. హసన్ షేక్ 2022లో తిరిగి వచ్చాక కెన్యాతో చేతులు కలిశాయి, 2020 నుంచి ఆగిన కెన్యా ఖాత్ (నమిలే మత్తు ఆకు) విమానాలు మళ్లీ మొదలయ్యాయి, ఇథియోపియా విలన్ అయింది. అధ్యక్షుడు మారితే పొరుగువాడి బుద్ధి కూడా మారుతుందా అని అడిగేశాను. ఎవరూ నొచ్చుకోలేదు. వ్యాపారి మాత్రం, పొరుగువాళ్లు మా మొగదిషుతో కాకుండా మా రాష్ట్రాలతో విడివిడిగా మాట్లాడుకుంటున్నంతకాలం ఇంతే అన్నాడు. అందులో నిజముంది, కానీ ఆ రాష్ట్రాలు మొగదిషుని ఎందుకు నమ్మవో అతను చెప్పలేదు, హర్గేసా అతను చెప్పబోతే టీ వచ్చింది.

టీ గురించి రాయకపోతే పాపం. షాహ్ అంటారు, పాలు పోసి యాలకులు వేసి మరిగిస్తారు, చక్కెర ముందే కలిపేస్తారు, తక్కువ వేయమంటే వింతగా చూస్తారు.

కుర్రాడిని కూడా అడిగాను, సోమాలియా 2024 మార్చిలో ఈస్ట్ ఆఫ్రికన్ కమ్యూనిటీలో, అంటే తూర్పు ఆఫ్రికా దేశాల కూటమిలో చేరింది కదా, నీకేమైనా ఒరిగిందా అని. అతను మొగదిషు నుంచి చిన్నప్పుడే వచ్చాడు, శరణార్థి కార్డు మీద ఉన్నాడు. పర్మిట్ సులువుగా వస్తే అప్పుడు చెప్తా అన్నాడు. వ్యాపారికి మాత్రం అది భయమే, కెన్యా సరుకు వచ్చి పడితే మా చిన్న దుకాణాలు నిలబడవంటాడు. అతను కొనేది ఈస్ట్‌లీలోనే అనుకోండి.

సోమాలీల్లో ఒక మాటుంది: నబద్ ఇయో ఆనో, అంటే శాంతి, పాలు. దీనికి జత యుద్ధం, కరువు. పెద్దాయన ఇది చెప్పి నాకు ఇంకో గ్లాసు ఒంటె పాలు తెప్పించాడు. శాంతి కోసం తాగాను. ఫలితం పైన రాశాను.

ఐదుగురికి 3,400 షిల్లింగులైంది, ఆ మాంసానికి ఎక్కువేం కాదు. బిల్లు నేనంటే నేనని పది నిమిషాలు కొట్లాట, నా చెయ్యి అయితే విరిచేసినంత పని చేశారు. చివరికి హర్గేసా అతను గెలిచాడు కానీ ఫోన్‌లో ఉన్నది జాద్, అక్కడి డాలర్ల వాలెట్. వ్యాపారి దగ్గర ఈవీసీ ప్లస్, మొగదిషు వైపు వాలెట్. కౌంటర్లో తీసుకునేది కెన్యా ఫోన్ వాలెట్ ఎంపెసా ఒక్కటే. పెద్దాయన తన ఫోన్‌తో కట్టేసి, మిగతా ఇద్దరినీ మెట్లు దిగేదాకా ఏడిపించాడు.

వెళ్తే పన్నెండున్నర లోపు వెళ్లండి, నమాజు వేళకి కౌంటర్ ఖాళీ అవుతుంది, శుక్రవారం అయితే రెండింటిదాకా ఆశ వదులుకోండి. మూడు దాటితే మేక అయిపోతుంది, బాస్తా మాత్రం ఉంటుంది, అడక్కపోయినా పెడతారు.