గోపాల్‌పూర్ ఉప్పుగాలిలో మూడు స్టేజీల కంప్రెసర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

గాలిని మూడు దశల్లో నొక్కి స్కూబా డైవర్ల సిలిండర్లలో నింపే ఈ యంత్రం మంచిదే, కొనొచ్చు. నిమిషానికి 100 లీటర్ల గాలి, పెట్రోల్ ఇంజిన్, 225 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 225 రెట్లు) దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వ్. కానీ మన గంజాం తీరంలో దీన్ని నడిపేవాళ్లు కన్నేసి ఉంచాల్సింది నీళ్లు వదిలే ట్యాపుల మీద, ఫిల్టర్ మీద.

లెక్క చూడండి. 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్ 0 నుంచి 200 బార్‌కు చేరాలంటే దాదాపు 2,200 లీటర్ల గాలి కావాలి, అంటే 22 నిమిషాలు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఆ గాలితోపాటు 50 గ్రాములకు పైగా నీరు లోపలికొస్తుంది. సగం టీ గ్లాసు! ఇందులో చాలావరకు గాలి నుంచి నీటిని వేరుచేసే సెపరేటర్లలో ఆగుతుంది, మనం ట్యాపు తిప్పితేనే బయటికి పోతుంది. పావుగంటకోసారి వదిలితే చాలంటారు గానీ, వానాకాలంలో బరంపురం చుట్టుపక్కల ఏడెనిమిది నిమిషాలకే వదలాలి. మొదట నూనె కలిసిన నీరు పాలలా తెల్లగా చిమ్ముతుంది. చప్పుడు మారి ఉత్త గాలి వచ్చేదాకా ఉంచి కట్టేయాలి.

మర్చిపోతే ఆ నీరు నేరుగా ఫిల్టర్ లోపలి కార్ట్రిడ్జ్‌లోకి పోతుంది. అందులో ముందుండే మాలిక్యులర్ సీవ్ (తేమ పట్టే గుళికలు) తేమ పీలుస్తుంది, తర్వాతి బొగ్గు నూనె ఆవిరిని పడుతుంది. పెట్రోల్ యంత్రాలకు, పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను విరిచే హాప్‌కలైట్ అనే పదార్థం ఉన్న కార్ట్రిడ్జే వేయండి. తడి తగిలితే హాప్‌కలైట్ పనిచేయదు, కాబట్టి సీవ్ నిండిపోయిందంటే కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాల్సిందే. కార్ట్రిడ్జ్ ఎన్ని గంటలు వస్తుందో 20 డిగ్రీలకు ఇచ్చిన లెక్క ఇక్కడ నమ్మొద్దు. 40 డిగ్రీల గాలి దాదాపు మూడింతల నీరు మోస్తుంది, ఆయుష్షు మూడో వంతుకు పడిపోతుంది. పని అయ్యాక ఫిల్టర్‌లో ఒత్తిడి పూర్తిగా తీసేయకండి, బయటి తేమ చొరబడుతుంది.

ఇంజిన్ పొగ గురించి గట్టిగా చెప్పాలి. గాలి పీల్చే పైపు మూతి పొగగొట్టం కంటే గాలి వీచి వచ్చే వైపున, ఎత్తులో ఉండాలి. పొద్దున్నే నేల మీంచి వీచే గాలి ఎండెక్కాక సముద్రం వైపు నుంచి తిరుగుతుంది. పైపు చోటు కూడా అప్పుడే మార్చాలి. శ్వాసగాలిలో కార్బన్ మోనాక్సైడ్‌కు ఐరోపా ప్రమాణం ఈఎన్ 12021 పెట్టిన హద్దు 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు). 30 మీటర్ల లోతులో ఒత్తిడి నాలుగింతలు కాబట్టి అది ఒంటి మీద 20 పీపీఎం లాగా పనిచేస్తుంది. దానికి వాసన ఉండదు, మీటరుతో చూడాల్సిందే.

నింపేముందు సిలిండర్ భుజం మీద హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే బలం పరీక్ష) తేదీ, పని ఒత్తిడి చూడాలి. లోపల ఒత్తిడి అసలే లేకపోతే నీరు చేరి ఉండొచ్చు, వాల్వ్ విప్పి చూడకుండా నింపొద్దు. వాల్వ్ ఒక్క క్షణం తెరిచి మూతిలోని చెమ్మ ఊదేశాకే యోక్ (పైపును సిలిండర్ వాల్వ్‌కు పట్టి ఉంచే బిగింపు) బిగించాలి. లైన్ ఒత్తిడి సిలిండర్ ఒత్తిడికి చేరాక వాల్వ్ మెల్లగా తెరవాలి. అయ్యాక ముందు సిలిండర్, తర్వాత ఫిల్లింగ్ వాల్వ్ కట్టి, పైపులో గాలి వదిలాకే యోక్ విప్పాలి. ఈ వేగానికి సిలిండర్‌ను చల్లబరిచే నీళ్ల తొట్టి అక్కర్లేదు, పైగా ఆ నీళ్లే వాల్వ్‌లోకి దూరతాయి. 50 డిగ్రీల వేడిలో 200 చూపిన గేజి 30కి చల్లారాక 188 దగ్గర నిలుస్తుంది. అది లీకు కాదు.

ఇబ్బంది పెట్టింది ఒకటే: రెండో స్టేజీ సేఫ్టీ వాల్వ్ బుసకొట్టడం. చాలామంది దాన్నే బిగిస్తారు, అది ప్రాణాంతకం. తప్పు సాధారణంగా మూడో స్టేజీ ఇన్‌లెట్ వాల్వ్‌ది. అది సరిగా మూసుకోక గాలి వెనక్కి తంతుంది. ఆ వాల్వ్ మారిస్తే బుస ఆగిపోతుంది.

ప్రతి ఫిల్లింగుకూ పట్టిన నిమిషాలు గోడ మీద రాసి పెట్టుకోండి. 22 కాస్తా 28, 30 అయితే, జాయింట్లకు సబ్బునీళ్లు రాసి లీకు చూడండి. లీకు లేకపోతే వాల్వులు గానీ, మూడో స్టేజీ పిస్టన్ రింగులు గానీ అరిగాయి.