మొలకల రాగి పిండి: పేచీ పెట్టే పిల్లకు ఏడాదికి పైగా వాడాక

రాగులు మంచివని ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు. చిక్కంతా అవి పిల్లల నోట్లోకి వెళ్లే దగ్గరే. మామూలు రాగి పిండితో జావ కాస్తే దించేటప్పుడు పలచగానే ఉంటుంది. గ్లాసులో పోసి చల్లార్చేలోపు చిక్కబడి, జిగురు తేలి, పైన పొర కడుతుంది. తిండి దగ్గర పేచీ పెట్టే నాలుగేళ్ల పిల్ల ఆ పొర పెదవికి తగలగానే గ్లాసు పక్కకు నెట్టేస్తుంది. రుచి బాగుందా లేదా అన్న మాట దాకా వ్యవహారం వెళ్లనే వెళ్లదు. మొలకల రాగి పిండి తీర్చింది ఈ ఒక్క ఇబ్బందినే. ప్యాకెట్లలోవి, విడిగా అమ్మేవి, మేమే మొలకెత్తించి మర పట్టించినవి అన్నీ వాడి చూశాను. ఈ పిండి మీద నాకున్న ఇష్టమంతా జావ జారుగా ఉండిపోవడం మీదే.

దాని వెనక కారణం తెలిస్తే కొనడం, కాయడం రెండూ తేలికవుతాయి. మొలకెత్తేటప్పుడు గింజ తనలో దాచుకున్న పిండి పదార్థాన్ని కరిగించుకోవడానికి అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేసుకుంటుంది. గింజను ఎండబెట్టి పొడి కొట్టినా అది పొడిలోనే ఉండిపోతుంది. నీళ్లలో కలిపి వెచ్చబెడితే మళ్లీ పని మొదలుపెడుతుంది. జావను బిగించే పిండి పదార్థాన్ని తుంచేస్తుంది కాబట్టి జావ చల్లారినా గ్లాసులో కదులుతూనే ఉంటుంది. కాస్త తీపి కూడా దానంతట అదే వస్తుంది, దాంతో బెల్లం సగానికి తగ్గించవచ్చు.

ఇందులో ఇంకో లాభం ఉంది. అదే గ్లాసులో రెట్టింపు పిండి పడుతుంది. 200 మిల్లీలీటర్ల నీళ్లకు మామూలు పిండి 12 గ్రాములు, అంటే ఒక పెద్ద చెంచా దాటితే జావ తాగేలా ఉండదు, తినేలా అవుతుంది. మొలకల పిండి 25 గ్రాముల వరకు వేసినా తాగవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగులకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఆ లెక్కన 12 గ్రాముల జావలో వచ్చేది 44, 25 గ్రాముల జావలో 91. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 550 కావాలి. గ్లాసు రాగి జావ తాగించాం కాబట్టి కాల్షియం సంగతి అయిపోయిందని చాలామంది అనుకుంటారు, కానీ లెక్క చూస్తే పాలు, పెరుగు పని రాగి ఒక్కటే చేయలేదు. మొలకల పిండితో ఆ వాటా కాస్త పెరుగుతుంది, అంతే.

ఇక కాచే పద్ధతి. మరిగే నీళ్లలో పిండి కలిపి పోసే అలవాటు ఈ పిండికి పనికిరాదు. మరిగే వేడికి ఎంజైము చచ్చిపోతుంది, ఖరీదు పెట్టి కొన్న మొలకల పిండి మామూలు పిండిలాగే చిక్కబడుతుంది. మామూలు రాగి పిండికి ఇది రెండు మూడింతల ధర పలుకుతుంది కాబట్టి ఈ తప్పు ఖరీదైనదే. చల్లటి నీళ్లలోనే మొత్తం పిండిని ఉండలు లేకుండా కలిపి, మందపాటి గిన్నెలో సన్నటి సెగ మీద పెట్టాలి. కలుపుతూ ఉంటే మొదట చిక్కబడుతుంది. వేలు పెడితే చురుక్కుమనే వేడి రాగానే, అంటే 60, 70 డిగ్రీల మధ్య, పొయ్యి ఆపి మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు వదిలేయాలి. మూత తీసి కలిపితే గరిట తేలిగ్గా తిరుగుతుంది. అప్పుడు మళ్లీ పొయ్యి వెలిగించి నాలుగైదు నిమిషాలు బాగా మరిగించాలి. ఈ చివరి మరుగు మానకూడదు. మొలకలు తడిలో పెరిగినవి, వాటి మీద సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఎక్కువ. పచ్చి పిండిని పాలలో కలిపి అలాగే ఇవ్వడం పిల్లలకు అస్సలు మంచిది కాదు. బెల్లం వేసేదుంటే దించాక, కొంచెం వేడి తగ్గాక వేయాలి. పాలు పోసిన జావలో మరుగుతుండగా బెల్లం వేస్తే పాలు విరుగుతాయి. మజ్జిగ, ఉప్పుతో ఇచ్చేవాళ్లకు ఆ బెడద లేదు. పైగా కాస్త నిమ్మరసం పిండితే రాగుల్లోని ఇనుము ఒంటికి ఇంకాస్త పడుతుంది.

ఇంత బాగా నడుస్తుండగా ఒక ప్యాకెట్ మొత్తం వ్యవహారాన్ని పాడుచేసింది. అదే కంపెనీ, అదే బొమ్మ, మీద పెద్ద అక్షరాలతో మొలకెత్తిన రాగులన్న మాట. కాచే పద్ధతి మారలేదు. జావ మాత్రం మామూలు పిండితో కాచినట్టే బిగుసుకుంది. నీళ్లు ఎక్కువ పోస్తే ఎర్రనీళ్లలా అయింది, తగ్గిస్తే గడ్డ కట్టింది. పిల్ల ఆ గ్లాసును చూసి మొహం తిప్పుకున్నాక మంచి పిండితో కాచి ఇచ్చినా కొన్నాళ్లు ముట్టుకోలేదు. పేచీ పెట్టే పిల్లలతో వచ్చే నష్టం ఇదే. ఒక్క చెడ్డ గ్లాసుకు పది మంచి గ్లాసుల నమ్మకం పోతుంది.

తప్పు పిండిదా, కాచడందా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కొత్త ప్యాకెట్ విప్పిన ప్రతిసారీ ఇప్పుడు ఇది చేస్తున్నాను. కప్పు నీళ్లలో రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి కలిపి గట్టి గంజిలా ఉడికించాలి. వేలు ఓర్చుకునేంత వేడికి చల్లారాక రెండు గిన్నెల్లో సగం సగం వేయాలి. ఒకదానిలో అర చెంచా మొలకల రాగి పిండి కలపాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు. పది నిమిషాలు ఆగి రెండింటినీ వంచి చూడాలి. పిండి మంచిదైతే కలిపిన గిన్నెలోది మజ్జిగలా కారుతుంది, రెండోది అలాగే నిలబడి ఉంటుంది. ఆ చెడ్డ ప్యాకెట్ పిండి వేసిన గిన్నెకు, వేయని గిన్నెకు తేడానే లేదు. పాత డబ్బాలో అడుగున మిగిలిన పిండితో అదే పరీక్ష చేస్తే గంజి చక్కగా జారింది.

ఎందుకిలా అవుతుందంటే రెండు మూడు దారులున్నాయి. కమ్మటి వాసన కోసం మొలకల్ని ఎర్రగా వేయిస్తే ఎంజైము ఆ వేడికే పోతుంది. మొలకలు సరిగ్గా రాకముందే, గింజ పగిలీ పగలనప్పుడే ఎండబెట్టినా అంతే. మామూలు రాగి పిండి కలిపి అమ్మినా ఫలితం ఇలాగే ఉంటుంది. నా చేతికొచ్చిన ప్యాకెట్‌లో జరిగింది ఏదో బయటినుంచి చెప్పలేం. రంగు మాత్రం ముదురు గోధుమలో, కాఫీ పొడికి దగ్గరగా ఉంది, విప్పగానే మాడు వాసన వచ్చింది. అలాంటి పిండి కనబడితే నేను పరీక్ష దాకా కూడా పోను. లేత రంగులో ఉండి, వాసన చూస్తే పచ్చివాసనకు, వేయించిన వాసనకు మధ్యలో ఉన్న పిండే పనిచేస్తోంది.

దుకాణంలో ప్యాకెట్ చేతికి తీసుకుని ముందువైపు చదవడం దండగ. వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చూడాలి. మన దేశ నిబంధనల ప్రకారం ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాలి. జాబితాలో మొలకెత్తిన రాగులు అన్న ఒక్క మాటే ఉంటే సరే. ముందువైపు మొలకలని ఉండి, వెనక రాగి పిండి అని మాత్రమే ఉంటే దాన్ని అక్కడే పెట్టేయండి. రాగి మాల్ట్ అని డబ్బాల్లో అమ్మేవాటిలో చాలాసార్లు చక్కెర, పాలపొడి, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం నుంచి తీసే పొడి) కనబడతాయి. పోషకాల పట్టికలో కలిపిన చక్కెరలు అన్న వరుస విడిగా ఉంటుంది. అక్కడ 100 గ్రాములకు 30 అని ఉంటే, 25 గ్రాముల జావలో ఏడున్నర గ్రాములు చక్కెరే, దాదాపు రెండు చిన్న చెంచాలు. చక్కెర లేదు, బెల్లమే అని రాసినా లెక్క మారదు, బెల్లం కూడా కలిపిన తీపే. రెండేళ్లలోపు పిల్లలకైతే ఆ డబ్బాల జోలికే వెళ్లొద్దు. ఇంకో మాట, ఎన్నో రకాల ధాన్యాలు, పప్పులు, గింజలు కలిపామని చెప్పుకునే పొడుల్లో గోధుమ, బార్లీ, జీడిపప్పు ఉండవచ్చు. పడని పిల్లలున్నవాళ్లు వాటి అక్షరాలు ఇంకా జాగ్రత్తగా చదవాలి.

విడిగా అమ్మే పిండిలో ఇసుక బాధ ఎక్కువ. రాగి గింజ చిన్నది, కళ్లంలోని సన్నటి మట్టి దాంతోపాటే వస్తుంది, సరిగ్గా కడగకుండా మొలకెత్తిస్తే పిండిలోకి చేరుతుంది. స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి చెంచాడు పిండి కలిపి, కాస్త ఆగి మెల్లగా వంచేయండి. అడుగున వేలితో రాస్తే గరగరలాడితే అది పిల్లలకు వద్దు. పంటి కింద ఒక్కసారి కరకరమంటే ఇక వాళ్లు నమ్మరు.

అనుకోని లాభం ఇంకొకటి దొరికింది, నిజానికి ఇప్పుడు ఈ పిండిని నేను ఎక్కువగా వాడేది దానికే. బియ్యం, పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించిన ముద్ద చల్లారితే గట్టిపడుతుంది కదా. వేలు ఓర్చుకునే వేడిలో ఉండగా అందులో ఒక చిన్న చెంచా మొలకల రాగి పిండి కలిపి పది నిమిషాలు పక్కన పెడితే, నీళ్లు పోయకుండానే అది జారుగా అవుతుంది. తర్వాత ఒకసారి బాగా ఉడుకు రానిచ్చి పెట్టాలి. నీళ్లతో పలచన చేస్తే పిల్ల కడుపు నీళ్లతోనే నిండేది. ఇలా చేస్తే అదే గిన్నెలో ఎక్కువ అన్నం, పప్పు లోపలికి వెళ్తాయి. కొర్ర జావకు, సజ్జ జావకు, ఓట్స్‌కు కూడా ఈ ఉపాయం పనిచేసింది. ఒక చెంచాతో రంగు కూడా పెద్దగా మారదు, ఆ గోధుమ రంగును చూసే పేచీ పెట్టే పిల్లలకు అదో వెసులుబాటు. సజ్జ పిండి మాత్రం అప్పటికప్పుడు పట్టించినదే వాడాలి. సజ్జల్లో కొవ్వు రాగుల కంటే రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ, పిండి చేసిన కొద్ది రోజులకే ముక్కిన వాసన, చేదు వచ్చేస్తాయి.

ఇంత మెచ్చుకున్న గుణమే వేరే వంటల్లో అడ్డం తిరుగుతుంది. మొలకల పిండితో సంకటి కెలికితే ముద్ద నిలవదు, చేతికి అంటుకుని సాగుతుంది. దోసె పిండిలో సగం కలిపితే పెనం మీద తొందరగా నల్లబడి, మధ్యలో మెత్తగా ఉండిపోయి, తిప్పేటప్పుడు చిరుగుతుంది. దోసెకు, రొట్టెకు, సంకటికి మామూలు రాగి పిండే కొనండి, డబ్బులూ మిగులుతాయి. మా ఇంట్లో ఇప్పుడు రెండు డబ్బాలు ఉంటాయి.

ఇంట్లో మొలకెత్తిస్తే పిండి మీద పూర్తి భరోసా ఉంటుంది. రాగుల్ని నాలుగైదు నీళ్లలో కడిగి, రాత్రంతా నానబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చి పలచటి బట్టలో మూట కడితే ఎండాకాలంలో ఒక రోజుకు, చలికాలంలో దాదాపు రెండు రోజులకు మొలకలు వస్తాయి. గలగలలాడేలా ఎండబెట్టి, చేతులతో నలిపి మొలకల వేళ్లు రాల్చేయాలి, అవి ఉంటే పిండి చేదెక్కుతుంది. సన్నటి సెగ మీద వాసన వచ్చీరాగానే దించేయాలి. మర పట్టించేటప్పుడు మిరపకాయలు ఆడించే మరలో వేయకుండా చూసుకోండి, ముందు వాళ్ల పిండి కలిసే మొదటి గుప్పెళ్లు పక్కన తీసేయండి. వానాకాలంలో మాత్రం నేను దీని జోలికి పోను. మూటలో గానీ ఎండబోసిన చోట గానీ కాస్త బూజు కనబడితే మొత్తం పారేయాల్సిందే, కడిగి వాడుకోకూడదు. ఆ నెలల్లో కొన్నదే మేలు.

ఎంత తెలిసిన దుకాణమైనా అర కిలో మించి కొనకండి. ప్యాక్ చేసిన తేదీ చూసి, నెల రోజుల లోపుది దొరికితే తీసుకోండి. విదేశాల్లో మనవాళ్ల దుకాణాల్లో కొనేవాళ్లకు అది కష్టం, అక్కడికి చేరేసరికే నెలలు గడుస్తాయి, అలాంటిచోట పైన చెప్పిన గంజి పరీక్ష తప్పనిసరి. విప్పాక గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, తడి చెంచా ముంచకండి.

మా పాపకు పాలు పడతాయి, ఉదయం జావ కాయడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు, కాబట్టి ఇరవై నిమిషాలు పట్టే ఈ పని మాకు సాగింది. ఇద్దరూ తొమ్మిదింటికి ఆఫీసులకు పరుగెత్తే ఇంట్లో పొయ్యి ఆపి ఎనిమిది నిమిషాలు ఆగడం రోజూ కుదరకపోవచ్చు. వాళ్లు రాత్రి పప్పన్నంలో ఒక చెంచా కలిపే పద్ధతితో మొదలుపెట్టడం నయం. నమలడం బాగా వచ్చిన ఐదారేళ్ల పిల్లలు రాగి దోసె తింటుంటే ఈ పిండి అసలు అవసరమే లేదు. జావ తాగడానికి అలవాటు పడిన పిల్ల నమిలే తిండికి బద్ధకిస్తుంది కూడా, మా పాప విషయంలో అది కొంత కనబడుతోంది, అందుకే జావను రోజుకు ఒక్క గ్లాసుకే పరిమితం చేశాం. బరువు సరిగ్గా పెరగని పిల్లలుంటే పిండి మార్చే ముందు పిల్లల డాక్టరుకు చూపించండి.