అకేడియా 'సన్‌రైజ్ ప్యాకేజీ'కి డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్రంలో ఉన్న అకేడియా నేషనల్ పార్క్‌కి ఈ సమ్మర్‌లో వెళ్దామనుకుంటున్న తెలుగువాళ్లకి, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి ఈ హెచ్చరిక. వాట్సాప్ గ్రూపుల్లో 'హోటల్ పార్కు లోపలే, క్యాడిలాక్ మౌంటెన్ సన్‌రైజ్ గ్యారంటీ, పార్క్ ఎంట్రీతో కలిపి' అంటూ ప్యాకేజీలు తిరుగుతున్నాయి. పోయిన జూన్‌లో అలాంటిదొకటి మేం కొన్నాం. చెప్పిన మూడింట్లో ఒక్కటీ నిజం కాదు.

ముందు హోటల్ సంగతి. అకేడియా లోపల హోటళ్లే లేవు. ఉన్నవి బ్లాక్‌వుడ్స్, సీవాల్, స్కూడిక్ వుడ్స్ లాంటి క్యాంప్‌గ్రౌండ్లు. బస బార్ హార్బర్‌లోనో చుట్టుపక్కల ఊళ్లలోనో చూసుకోవాలి. మాకు ఇచ్చిన రూమ్ బ్యాంగోర్‌లో. అక్కడి నుంచి పార్కుకి గంట పైనే డ్రైవ్. జూన్ చివర్లో అక్కడ ఐదింటికి ముందే తెల్లవారుతుంది. అంటే అత్తయ్యగారినీ మావయ్యగారినీ అర్ధరాత్రి దాటగానే లేపి కారెక్కించాల్సి వచ్చింది.

క్యాడిలాక్ కొండ కింద గేటు దగ్గర రేంజర్ మా టికెట్ స్కాన్ చేసి, ఇది పగటి టికెట్, సన్‌రైజ్‌ది కాదు అన్నాడు. క్యాడిలాక్ రోడ్డుకి ఈ రెండూ వేర్వేరు రిజర్వేషన్లు. మర్యాదగానే చెప్పాడు, కానీ పైకి పంపలేదు. పంపకూడదు కూడా. ప్యాకేజీ అతనికి ఫోన్ చేస్తే స్విచాఫ్. మధ్యాహ్నం ఫోనెత్తి, మీరు లేటుగా వెళ్లుంటారు అన్నాడు. నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది ఆ మాటకే.

అసలు ఆ రిజర్వేషన్ ఖరీదెంతో తెలుసా? కారుకి 6 డాలర్లు. మే చివరి నుంచి అక్టోబర్ చివరి దాకా క్యాడిలాక్ సమ్మిట్ రోడ్డుకి రిజర్వేషన్ తప్పనిసరి. అమ్మేది ప్రభుత్వ సైట్ రిక్రియేషన్ డాట్ గవ్. 30 శాతం టికెట్లు 90 రోజుల ముందు వదులుతారు. మిగతా 70 శాతం మీరు వెళ్లే తేదీకి సరిగ్గా రెండు రోజుల ముందు, ఈస్టర్న్ టైమ్ ఉదయం 10 గంటలకి వస్తాయి. సన్‌రైజ్‌వి చకచకా అయిపోతాయి కాబట్టి ముందే లాగిన్ అయి కూర్చోండి. మీ పేరుతో, మీరే కొనండి. టికెట్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, అక్కడ సిగ్నల్ అంతంత మాత్రమే. పార్క్ ఎంట్రీ దీనికి విడిగా కట్టాలి. 2026 జనవరి నుంచి అకేడియాతో కలిపి 11 పార్కుల్లో ఇంకో ఖర్చు చేరింది: అమెరికాలో నివాసం లేనివాళ్లు, 16 ఏళ్లు ఆపైన ఉంటే, వార్షిక పాస్ లేకపోతే మనిషికి 100 డాలర్లు అదనం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఇది పడుతుంది. 'ఎంట్రీ ఇంక్లూడెడ్' అన్నవాణ్ణి ఈ వంద సంగతి అడగండి.

డబ్బు సంగతి ఒక ఎత్తు. నన్ను నిజంగా భయపెట్టింది వాళ్లిచ్చిన టూర్ ప్లాన్. అందులో 'సాయంత్రం ఐదింటికి బార్ ఐలాండ్ వాక్' అని రాశారు. బార్ ఐలాండ్‌కి దారి సముద్రం అడుగున ఉంటుంది. నీరు బాగా వెనక్కి లాగినప్పుడు, దానికి గంటన్నర ముందు, గంటన్నర తర్వాత మాత్రమే ఆ గులకరాళ్ల దారి బయటపడుతుంది. ఆ వేళ రోజురోజుకీ మారుతుంది. ప్రతి బ్యాచ్‌కీ ఐదింటికే అని రాసి ఇస్తున్నారంటే వాళ్లు టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) మొహమే చూడలేదన్నమాట. మేం వెళ్లేసరికి దారి మీదకి నీళ్లు వచ్చేస్తున్నాయి. ఒడ్డున ఉన్న స్థానికురాలు ఒకావిడ వద్దని ఆపింది. దాటి ఉంటే మళ్లీ నీరు తగ్గేదాకా పెద్దవాళ్లతో ఆ దీవి మీదే చిక్కుకునేవాళ్లం.

అలలు రాళ్ల సందులోకి దూసుకొచ్చే థండర్ హోల్ దగ్గర 'అలలకి దగ్గరగా ఫోటోలు' అని ఇంకో లైను. 2009 ఆగస్టులో బిల్ తుఫాను అలలు అక్కడే జనాన్ని లాగేశాయి, ఏడేళ్ల పాప చనిపోయింది. తడిగా కనిపించే రాతి మీద అడుగు పెట్టకండి. ఇక 'ఫ్యామిలీ హైక్' అని రాసిన ప్రెసిపిస్ ట్రైల్ అయితే నిటారు కొండకి ఇనుప మెట్లు పట్టుకుని ఎక్కేది. పైగా పెరిగ్రిన్ డేగలు గూళ్లు పెట్టే కాలమని ఏటా వసంతం నుంచి ఆగస్టు దాకా మూసేస్తారు. మోకాళ్ల నొప్పులున్న మావయ్యగారికి దాన్ని రాసిచ్చారు! పెద్దవాళ్లతో వెళ్తే శాండ్ బీచ్ నుంచి ఆటర్ పాయింట్ వైపు వెళ్లే ఓషన్ పాత్ హాయిగా ఉంటుంది. ఓపికున్నంత నడిచి వెనక్కి రావచ్చు. సీజన్‌లో ఐలాండ్ ఎక్స్‌ప్లోరర్ బస్సులు ఉచితం, కాకపోతే క్యాడిలాక్ పైకి వెళ్లవు.

ఎవరైనా గైడ్‌ని పెట్టి తిప్పుతామంటే పార్కు ఇచ్చిన కమర్షియల్ యూజ్ ఆథరైజేషన్ చూపించమనండి. పార్కులో డబ్బు తీసుకుని టూర్లు నడపాలంటే అది ఉండాలి. మేం అడిగిన రోజు నుంచీ అవతలి నుంచి జవాబు లేదు. వాళ్లు కార్డు తీసుకోరు, జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీసు)లోనే పంపమంటారు. బ్యాంకుకి, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు చేశాం, డబ్బు మాత్రం ఇంకా రాలేదు. ఇలాంటి ప్యాకేజీకి మీరూ జెల్‌లో డబ్బు పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు, చాట్ మెసేజ్‌లు డిలీట్ చేయకుండా నాకు మెసేజ్ పెట్టండి. అందరివీ కలిపి పంపుదాం.