అద్దె మోడెం ఇచ్చేసి సొంతది పెట్టాం

ఫైబర్ నెట్ ఆపరేటర్ ఇచ్చిన మోడెంకి నెలనెలా బిల్లులో అద్దె కడుతున్నా, ఆ డబ్బా వేడెక్కిపోయి సాయంత్రమయ్యేసరికి వైఫై పడకేస్తుంటే ఎవరికైనా చిరాకే. అందుకే విజయనగరం గంటస్తంభం దగ్గర షాపులో ల్యాండ్‌లైన్ ఫోన్ పోర్టు ఉన్న, 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండూ ఇచ్చే (డ్యూయల్ బ్యాండ్) ఎక్స్‌పాన్ మోడెం కొన్నాం. ఫైబర్ లైన్లలో ఉండే జీపాన్, ఈపాన్ అనే రెండు రకాలకీ పనికొస్తుంది కాబట్టి ఆ టెన్షన్ లేదు. అలాగని తగిలించగానే నెట్ వచ్చేయదు: దాని సీరియల్ నంబరో మ్యాక్ నంబరో (పరికరం గుర్తింపు సంఖ్య) ఆపరేటర్ తన సిస్టంలో ఎక్కించాలి, నెట్‌కి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, లైన్లో నెట్ ఏ దారిలో వెళ్లాలో చెప్పే వీలాన్ నంబరు మనం అడిగి రాబట్టుకోవాలి. అవి ఇచ్చారు గానీ నెట్ మీద ల్యాండ్‌లైన్ పనిచేయడానికి కావాల్సిన సిప్ పాస్‌వర్డ్ దగ్గర మెలిక పెట్టారు. "ఇప్పుడు ల్యాండ్‌లైన్ ఎవరు వాడుతున్నారు మేడమ్" అట, మా అత్తగారు వాడతారు బాబూ! చివరికి లైన్ చూసే కుర్రాడే వచ్చి ఎక్కించాడు. ఫైబర్ తీగ చివరనుండే ఆకుపచ్చ కనెక్టరు మొనకి వేలు తగలనివ్వలేదు, మరక పడితే సిగ్నల్ తగ్గిపోతుందట, నిజమే. సిగ్నల్ లేదని చెప్పే ఎర్ర లాస్ లైటు ఆరింది, ఫోన్ మోగింది.

5 గిగాహెర్ట్జ్ హాల్లో దూసుకుపోతోంది గానీ మేడ మీదకి అందదు, అక్కడ 2.4 వాడాల్సిందే. పాత డబ్బా అడాప్టరుతో సహా ఇచ్చి రసీదు తీసుకోండి, లేకపోతే డిపాజిట్ దగ్గర పేచీ.