పది డాలర్ల సంచి ఫోను

పోయిన నెల బాపట్ల నుంచి మా చిన్నాన్నగారి అబ్బాయి ఫోను చేశాడు. “అక్కా, నాన్న వాడిన నోకియా 1100 బీరువాలో ఉంది. తుపాను రోజులకు అక్కరకొస్తుందని దాచమంటావా, పాత సామాన్ల అతనికి వేసేయమంటావా?” అని అడిగాడు. దాచమనే చెప్పాను. కానీ ఎలా దాచాలో చెప్పేలోపు వాడికి ఎవరో వచ్చారు, మాట సగంలో ఆగిపోయింది. 2001 నుంచి 2008 దాకా ఒక పాత అనలాగ్ ఫోనును, అంటే మాటను అంకెలుగా మార్చకుండా రేడియోలా నేరుగా పంపేదాన్ని, ఆపద కోసమే కారులో పెట్టుకుని తిరిగిన మనిషిని నేను. ఆ ఫోను మంచిచెడ్డలు రాస్తే వాడికి కావలసిన జవాబు అందులోనే దొరుకుతుంది.

అప్పుడు మేము అమెరికాలో, వయోమింగ్ రాష్ట్రంలోని లారమీలో ఉండేవాళ్లం. మా వారికి అక్కడి విశ్వవిద్యాలయంలో ఉద్యోగం. నాకు రాలిన్స్‌లో, ఒక ల్యాబులో, వారానికి రెండు రోజుల పని. రెండు ఊళ్ల మధ్య ఐ-80 రహదారి మీద 160 కిలోమీటర్లు. లారమీ ఉన్నదే సముద్రమట్టానికి దాదాపు 2,200 మీటర్ల ఎత్తున. దారిలో ఎల్క్ మౌంటెన్ అనే కొండ ఒకటి ఉంది. దాని పక్కనుంచి పోయేటప్పుడు మంచు పైనుంచి కురవదు, అడ్డంగా వచ్చి కొడుతుంది. నిండు లారీలు గాలికి ఒరిగి పడిపోవడం నేను కళ్లారా చూశాను. చలికాలంలో రైల్వే గేటు వేసినట్టు రహదారికే గేట్లు వేసి మూసేస్తారు. గుంటూరు ఎండల్లో పెరిగిన నాకు మొదటి ఏడాది ఆ దారి పేరు చెబితేనే గుండె దడ.

నా చేతి ఫోను డిజిటల్‌ది, కొత్తది, జేబులో పట్టేంత చిన్నది. లారమీ దాటిన పావుగంటకే దానికి సిగ్నల్ పోయేది. మళ్లీ రాలిన్స్ దగ్గర పడ్డాకే ప్రాణం వచ్చేది. నడుమ ఉన్న గంటన్నర సేపు నేను, కారు, గాలి, అంతే.

2001 వేసవిలో మా వీధి చివర ఒక ఇంటివాళ్లు ఊరు మారుతూ సామాన్లు వాకిట్లో పెట్టి అమ్ముతున్నారు. అందులో కనిపించింది మోటరోలా సంచి ఫోను. అక్కడ దాన్ని బ్యాగ్ ఫోను అంటారు. నల్లని తోలులాంటి సంచి, భుజానికి తగిలించుకునే పట్టీ, జిప్పు తీస్తే లోపల ఇటుకంత పెట్టె. దాని మీద మన ఇళ్లలోని ల్యాండ్‌లైను రిసీవరులాంటిదే ఒక రిసీవరు, మెలికలు తిరిగిన తీగతో. చుట్ట కాల్చుకునేవాళ్ల కోసం కారులో పెట్టిన సాకెట్టులో గుచ్చుకోవడానికి ఒక ప్లగ్గు. కారు పైకప్పుకు అంటించే అయస్కాంతపు యాంటెన్నా. రేకుకు గీతలు పడకుండా ఆ అయస్కాంతం అడుగున ఒక గుడ్డముక్క అతికించి ఉంది. అమ్మే పెద్దాయన పశువుల క్షేత్రంలో పనిచేసేవారట, పదేళ్లు వాడారట. పది డాలర్లు అడిగారు. ఇచ్చాను.

ఊళ్లోని ఒక ఫోను దుకాణానికి తీసుకుపోతే కౌంటరు దగ్గరి కుర్రవాడు దాన్ని ముట్టుకోను కూడా లేదు. నెలకు ముప్పై అయిదు డాలర్ల పథకం తీసుకోకపోతే ఏ ఫోనూ పనిచేయదని తేల్చేశాడు. అది నిజం కాదు. అమెరికాలో ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేసే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ పెట్టిన నిబంధన ప్రకారం, ఫోనుకు కనెక్షన్ ఉన్నా లేకపోయినా అక్కడి ఆపద నంబరు 911కు చేసిన కాల్‌ను కంపెనీలు అందించి తీరాలి. ఆ సంగతి నాకు చెప్పింది రాలిన్స్ ల్యాబులో నాతో పనిచేసే నర్సు. ఆమె కారు డిక్కీలోనూ అలాంటి సంచే ఉండేది. భర్తల చేతిలో దెబ్బలు తిని బయటపడిన ఆడవాళ్లకు ఇలాంటి పాత ఫోన్లనే సేకరించి ఇచ్చేవాళ్లు అక్కడ. నెలనెలా బిల్లు ఉండదు, తొమ్మిది, ఒకటి, ఒకటి నొక్కితే చాలు.

ఇక ఫోను పనితనం. ఇది నిజంగా చెప్పుకోవలసిన సంగతి. జేబులో పట్టే అనలాగ్ ఫోను 0.6 వాట్ల శక్తితో మాట పంపేది. సంచి ఫోనుది 3 వాట్లు, అంటే అయిదు రెట్లు. పైగా యాంటెన్నా కారు లోపల కాదు, పైకప్పు మీద, ఎత్తున. 800 మెగాహెర్ట్జ్ తరంగాలు చాలా దూరం పోతాయి. ఇంకో తేడా ఉంది. డిజిటల్ ఫోనులో సిగ్నల్ తగ్గితే మాట ఒక్కసారిగా తెగిపోతుంది. అనలాగ్‌లో అలా కాదు. ముందు సన్నగా సుయ్యిమంటుంది, తరువాత వాన చప్పుడులా పెరుగుతుంది, ఆ చప్పుడు కింద మాట మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. చిన్నప్పుడు మీడియం వేవ్‌లో విజయవాడ కేంద్రం వార్తలు విన్నవాళ్లకు ఆ చెవి అలవాటే. గరగర మధ్యనుంచి మాట ఏరుకోవడం మనకు ఒకరు నేర్పాలా!

911కు ఊరికే పరీక్ష కోసం చేయకూడదు, అది తప్పు. అందుకని నేను వేరే పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్లగ్గు గుచ్చి, ఇంటి నంబరు కొట్టేదాన్ని. కనెక్షన్ లేదు కనుక కాల్ ఇంటికి పోదు. ఎవరో ఆపరేటరు వచ్చి క్రెడిట్ కార్డు నంబరు చెప్పమనేవారు. ఆ గొంతు వినబడిందంటే టవరు నా ఫోను మాట వింటోందని అర్థం. పెట్టేసేదాన్ని. రిసీవరు మీద ‘నో సర్వీస్’ అని రాసిన చోట, సిగ్నల్ లేకపోతే వెలిగే చిన్న ఎర్ర దీపం ఉండేది. దారి పొడుగునా అది ఎక్కడ వెలుగుతుందో, ఎక్కడ ఆరుతుందో రాసుకుంటూ వచ్చాను. 160 కిలోమీటర్లలో వెలిగింది రెండు చోట్లే, రెండూ పల్లంలో. ఆ రెండు చోట్లు తప్ప, చేతి ఫోను పనిచేయని దారంతా ఈ పదేళ్ల పాత పెట్టె పనిచేసింది.

దాని లోపాలూ చెప్పాలి. సంచిలోని బ్యాటరీ నేను కొనేనాటికే పోయింది, కారు కరెంటే దిక్కు. కారు బ్యాటరీ చలికి చచ్చిపోతే ఫోనూ చచ్చినట్టే. మాట్లాడేది ఎవరైనా స్కానరు పెట్టుకుని వినగలరు, అందులో రహస్యం ఏమీ ఉండదు. అన్నిటికంటే పెద్ద లోపం, కనెక్షన్ లేని ఫోనుకు నంబరు ఉండదు. లైను తెగితే వాళ్లు తిరిగి చేయలేరు. మనం ఎక్కడున్నామో వాళ్ల తెర మీద కనిపించదు. ఆ నర్సు నాకు చెప్పిన మాట ఒక్కటే: “ముందు మైలు నంబరు చెప్పు. పేరు తరువాత.”

2004 జనవరిలో, రాలిన్స్ నుంచి తిరిగి వస్తున్నాను. సాయంత్రం అయిదున్నరకే చీకటి. ఎల్క్ మౌంటెన్ మలుపు దాటాను. దాని నంబరు 255, అంటే ఆ రహదారి మీద 255వ మైలు. ఆ తరువాత రోడ్డు మీద కంటికి కనిపించని మంచు పలక. స్టీరింగు చేతిలో తేలికైపోయింది. కారు నిదానంగా, తొందరేమీ లేనట్టు, ఒక చుట్టు తిరిగి పక్క పల్లంలోకి జారి ఆగింది. దెబ్బ తగల్లేదు. ఇంజను నడుస్తూనే ఉంది. అద్దం దించి టార్చి వేస్తే గాలిలో మంచు తప్ప ఏమీ లేదు. వస్తూ వస్తూ చివరగా చూసిన మైలురాయి 262. అది గుర్తుంది. ప్రతి మైలురాయినీ పైకి చదువుకుంటూ నడిపే అలవాటు నన్ను ఆదుకుంది.

రిసీవరు ఎత్తాను. తీగ చలికి బిగుసుకుపోయి సాగడం లేదు. ఎర్ర దీపం ఆరి ఉంది. 911 కొట్టి, అవతల గొంతు రాగానే, “ఐ-80, తూర్పు వైపు, మైలు 262 దాటాను, పల్లంలో ఉన్నాను” అని రెండుసార్లు చెప్పాను. ఆ తరువాతే పేరు, కారు రంగు. అవతలి ఆవిడ గొంతు సుయ్యిమనే చప్పుడులో మునిగి తేలుతోంది. “నంబరు?” అని అడిగింది. లేదని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, అలాంటి కాల్స్ ఆమెకు మామూలేనేమో. పొగగొట్టం ముందు మంచు పేరుకోకుండా చూసుకోమంది, లేకపోతే ఆ పొగ కారులోకే వస్తుందట. పావుగంటకోసారి దిగి కాలితో మంచు తోసేశాను. గంటా నలభై నిమిషాలకు మంచు తోసే బండి, దాని వెనుక పోలీసు కారు వచ్చాయి. ఆ గంటా నలభై నిమిషాలూ రిసీవరును ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. ఇంటికి చేరాక మా వారు కాఫీ కలిపి చేతికిచ్చి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి ఆ సంచిని కారులోంచి తెచ్చి, మెలికలు పడిన తీగను వేడినీళ్ల గిన్నె పక్కన పెట్టి సాపు చేశారు.

అంత ఫోనూ ఎందుకు పోయిందంటే, చెడిపోయి కాదు. అనలాగ్ సేవను కంపెనీలు తప్పనిసరిగా నడపాలన్న నిబంధనను తీసేయాలని కమిషన్ 2002లోనే నిర్ణయించింది. అయితే వెంటనే కాదు, అయిదేళ్ల గడువు ఇచ్చింది. వినికిడి యంత్రాలు పెట్టుకునేవాళ్లకు అప్పటి డిజిటల్ ఫోన్లు సరిపడకపోవడం, నాలాగా ఆపద కోసమే పాత ఫోను ఉంచుకున్నవాళ్లు ఉండటం ఆ గడువుకు కారణాలు. మాలాంటివాళ్లను లెక్కలోకి తీసుకున్నారని చదివినప్పుడు నాకు సంతోషమేసింది. ఆ గడువు 2008 ఫిబ్రవరి 18తో ముగిసింది. పెద్ద కంపెనీలు అనలాగ్‌ను కట్టేశాయి. కార్లలోనే అమర్చి అమ్మిన అత్యవసర ఫోన్లు కూడా, అనలాగ్‌వైతే, మూగబోయాయి. మార్చి మొదటి ఆదివారం ఎప్పటిలాగే ప్లగ్గు గుచ్చాను. పెట్టె వెలిగింది, అంకెలు వెలిగాయి, వాటితోపాటు ఎర్ర దీపమూ వెలిగింది. ఇంటి ముందే, లారమీ నడిబొడ్డున. ఎంతసేపు చూసినా ఆరలేదు.

కాబట్టి తమ్ముడూ, ఇప్పుడు నీ నోకియా సంగతి. మన దేశంలో సెల్ ఫోన్లు 1995లో వచ్చాయి, వచ్చినప్పుడే డిజిటల్. మీ నాన్నగారిది 2జీ ఫోను. టార్చి ఉంది, దుమ్ము చొరబడని మీటలున్నాయి, దాని బీఎల్-5సీ బ్యాటరీ ఈనాటికీ చిన్న రేడియోల కోసం బజార్లో దొరుకుతుంది. ఫోనుగా నేను దానికి నూటికి తొంభై మార్కులు వేస్తాను. అయితే జియోకు 2జీ లేనే లేదు, ఆ సిమ్ ఇందులో పలకదు. బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, వీఐలలో మీ వీధిలో ఏది బాగా అందుతుందో చూసి ఆ సిమ్ వేయి. చిన్న సిమ్ అయితే దానికి చట్రం కావాలి, ఫోను బాగుచేసే కొట్లో ఇస్తారు. సిమ్ లేకుండా దాచకు. నా ఫోను కనెక్షన్ లేకుండా పలికింది అక్కడి నిబంధన పుణ్యాన. ఆ ధీమా మీద నువ్వు ఉండవద్దు.

సిమ్‌ను మూడు నెలలు వాడకపోతే నంబరు తీసేస్తారు. ఖాతాలో ఇరవై రూపాయలైనా ఉండేలా చూసుకో. మాటలకు, సందేశాలకు మాత్రమే పనికొచ్చే పథకాలు కూడా పెట్టాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. ఏడాది గడువున్నవీ ఉన్నాయి, అడిగి వేయించుకో. ఛార్జరుకు లావు పిన్ను ఉంటుంది, ఫోనుతోపాటే కట్టి పెట్టు. 112, 108, పక్కింటివాళ్ల నంబరు, నా నంబరు ఒక కాగితం మీద రాసి వెనుక అతికించు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మీ ఊరి దగ్గరే తీరం దాటినప్పుడు మీ ఇంట్లో రెండు రోజులు కరెంటు లేదని, మూడు స్మార్ట్ ఫోన్లూ మొదటి రాత్రికే ఆరిపోయాయని పిన్ని చెప్పింది. ఆ రెండు రోజులూ మీకు ఏమైందో తెలియక నేను ఇక్కడ పడిన బాధ మాటల్లో చెప్పలేను.

నెలకొకసారి దాన్ని తీసి నాకు ఫోను చేయి. మొదటి ఆదివారం అయితే నాకు గుర్తుంటుంది. 2జీని ఎప్పుడో ఒకప్పుడు మన దేశంలోనూ కట్టేస్తారు. అమెరికాలో అనలాగ్ పోయాక నేను కొన్న మడత ఫోను కూడా 2022లో 3జీ మూసేసినప్పుడు పోయింది. ఆ రోజు నీ ఫోను నుంచి నాకు కాల్ రాదు. రాకపోతే మర్నాడే వెళ్లి 4జీ మీటల ఫోను ఒకటి కొనుక్కో.

నిన్న ఆదివారం వాడు చేశాడు. కొత్త నంబరు, ముందు గుర్తుపట్టలేదు. “అక్కా, వినిపిస్తోందా?” అన్నాడు. బ్రహ్మాండంగా వినిపించింది.